పిక్చర్ ట్యూబు ఎవరి బాధ్యత? ఈ-వ్యర్థాల నియమాలు, డెల్టా కాలువలు, మన పాత సామాను

వైనతేయ తీరం | మే 9, రాత్రి 9.40

సభ్యులందరికీ నమస్కారం. రాజోలు వైపు మేము చదువుకున్న ఉన్నత పాఠశాలలో డిజిటల్ తరగతి కోసం ఒక గది ఖాళీ చేయించాలని పూర్వ విద్యార్థులం కొందరం పూనుకున్నాం. ఆ గదిలో పాత కంప్యూటర్లు పద్నాలుగు, వాటి యూపీఎస్‌లు, టీవీ పాఠాల కోసం ఎప్పుడో వచ్చిన పెద్ద టీవీలు రెండు, ఒక మూల అట్టపెట్టెలో మాడిపోయిన ట్యూబులైట్లు ఉన్నాయి. వేలం ప్రకటన అంటించారు. ఒకాయన అన్నిటికీ కలిపి ధర చెప్పి, డబ్బు కట్టి, సామాను ఎత్తించుకున్నాడు. మరునాడు వెళ్ళి చూస్తే సీపీయూలు, తీగలు, యూపీఎస్ బ్యాటరీలు మాత్రమే వెళ్ళాయి. మానిటర్ల ప్లాస్టిక్ డొప్పలు పెరట్లో కుప్పగా ఉన్నాయి. పదహారు పిక్చర్ ట్యూబులు వరండాలో వరసగా బోర్లించి ఉన్నాయి. అన్నిటికీ మెడలు విరిగాయి. మెడకు చుట్టి ఉండే రాగి చుట్ట కోసం అలా విరుస్తారట. ఫోన్ చేస్తే "గాజు మాకెందుకండీ" అన్నాడు.

అంతటితో ఆగితే ఇక్కడ రాసేవాణ్ణి కాదు. దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేశారు కదా. మొన్న లాకుల దిగువకు నడిచి వెళ్తే, ఎండిపోయిన గుర్రపుడెక్క కింద, బురద పగుళ్ళలో మరో మూడు పిక్చర్ ట్యూబులు, ఒక ఫ్రిజ్ తలుపు, లెక్కలేనన్ని రిమోట్ పెట్టెలు కనిపించాయి. అవి మా బడివి కావు, ఊరివి. కాలువ మళ్ళీ వదిలితే ఆ నీళ్ళే మా మంచినీళ్ళ చెరువు నింపుతాయి.

దేశంలో దీనికి నియమాలు ఉన్నాయని చదివాను. ఆ నియమాల ప్రకారం ఈ పదహారు ట్యూబులు ఎవరి బాధ్యత? బడిదా, కొన్నవాడిదా, పంచాయతీదా, టీవీ తయారు చేసిన కంపెనీదా? తెలిసినవారు చెప్పగలరు.

గట్టు మీద ఇల్లు | మే 9, రాత్రి 10.15

మీ ఊళ్ళో గాజు మిగిలింది, మా ఊళ్ళో పొగ మిగిలింది. ఏటిగట్టు వెంబడి మా ఇంటికి రెండు వందల గజాల దూరంలో వారానికి రెండు రాత్రులు తీగలు కాలుస్తారు. తెల్లవారి వెళ్ళి చూస్తే నల్లటి బూడిద వలయాలు, అక్కడక్కడ కరిగి గడ్డకట్టిన ప్లాస్టిక్ ఉంటాయి. ఆ గట్టు మీదే గేదెలు మేస్తాయి. మా చిన్నవాడికి ఉబ్బసం. ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో అడిగితే ఒకరు మరొకరి పేరు చెప్పారు. నియమాల సంగతి తెలిసినవారు దీన్నీ కలిపి చెప్పాలని మనవి.

డెల్టా న్యాయవాది | మే 10, ఉదయం 7.05

వైనతేయ తీరం గారి ప్రశ్నకు సూటి సమాధానం ఇవ్వాలంటే కొంత చరిత్ర చెప్పక తప్పదు.

మన దేశంలో ఈ-వ్యర్థాలకు, అంటే పారేసిన విద్యుత్, ఎలక్ట్రానిక్ పరికరాలకు, ప్రత్యేక నియమాలు మొదట 2011లో వచ్చి 2012 మే 1 నుంచి అమలయ్యాయి. వాటి స్థానంలో 2016 నియమాలు, వాటి స్థానంలో 2022 నవంబరు 2న ప్రకటించిన నియమాలు వచ్చాయి. ఇప్పుడు అమలులో ఉన్నవి ఈ చివరివే, 2023 ఏప్రిల్ 1 నుంచి. మూడింటికీ మాతృక 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం. 2016లో 21 రకాల వస్తువులకే వర్తించిన జాబితా 2022లో 106కు పెరిగింది. టీవీ, కంప్యూటరు మొదటి నుంచీ ఉన్నాయి. బ్యాటరీలు ఇందులో లేవు, వాటికి 2022లోనే వేరే నియమాలు వచ్చాయి.

2016 నాటి పద్ధతిలో సేకరణ కేంద్రం, డీలరు, విడదీసేవాడు, వినియోగదారు అందరికీ పేరుపేరునా కొంత విధి ఉండేది. 2022లో రిజిస్ట్రేషన్ నాలుగు వర్గాలకు కుదించారు: తయారీదారు, మార్కెట్లోకి తెచ్చే ఉత్పత్తిదారు, బాగుచేసి తిరిగి అమ్మే సంస్థ, రీసైక్లర్. ఉత్పత్తిదారు తాను అమ్మిన సరుకులో ఆయువు తీరిన దానిలో ఇంత శాతం రీసైకిల్ అయినట్టు చూపాలి. ఆ లక్ష్యం 2023-24లో 60 శాతం, 2025-26 నుంచి 70, 2027-28 నుంచి 80. దానికి అతడు ఊరూరా తిరిగి సామాను పోగుచేయనక్కరలేదు. అంత సరుకు రీసైకిల్ అయిందని చూపే సర్టిఫికెట్లు రిజిస్టరైన రీసైక్లర్ దగ్గర కొంటే సరిపోతుంది. లావాదేవీ అంతా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో జరుగుతుంది.

ఇక బడి విషయం. వాడిన పరికరాలను రిజిస్టరైన వారికే అప్పగించాలన్న నిబంధన "భారీ వినియోగదారు"కు మాత్రమే ఉంది. భారీ వినియోగదారు అంటే ఆ ఆర్థిక సంవత్సరంలో ఏ సమయంలోనైనా కనీసం వెయ్యి పరికరాలు వాడిన సంస్థ. డెల్టాలో ఏ బడి, ఏ పంచాయతీ, ఏ రైసు మిల్లు ఆ లెక్కకు వస్తాయి? కాబట్టి బడి తప్పు చేసిందని ఈ నియమాలను బట్టి అనలేం. అయితే చెత్తలో కలిసిన ఈ-వ్యర్థాన్ని వేరుచేసి, యజమాని ఎవరో తేలని వస్తువులను సేకరించి, రిజిస్టరైన రీసైక్లరుకు చేర్చే పని స్థానిక సంస్థలకు అప్పగించారు. కాలువలో ఉన్న ఆ మూడు ట్యూబులు ఈ కోవలోకి వస్తాయి.

గట్టు మీద ఇల్లు గారికి: తీగలు బహిరంగంగా కాల్చడం మీద ఫిర్యాదు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి రాతపూర్వకంగా, ఫోటో, తేదీ, స్థలంతో ఇవ్వండి. స్పందన లేకపోతే 2010 చట్టం కింద ఏర్పడిన జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉంది. అయితే ఒక మార్పు గుర్తుంచుకోవాలి. పర్యావరణ పరిరక్షణ చట్టం 15వ సెక్షన్‌లో అయిదేళ్ళ వరకు ఉన్న జైలు శిక్షను 2023 జన్ విశ్వాస్ చట్టం తీసివేసి, పదివేల నుంచి పదిహేను లక్షల రూపాయల జరిమానాగా మార్చింది. ఆ జరిమానా కోర్టు కాకుండా ఒక అధికారి విధిస్తారు. దీన్ని కొందరు సడలింపు అంటారు. కేసు ఏళ్ళ తరబడి నడవడం కంటే మేలని నేను అంటాను.

తుక్కు కొట్టు | మే 10, మధ్యాహ్నం 2.30

నేను పాలకొల్లు దగ్గర పాత సామాన్ల కొట్టు నడుపుతాను. మా నాన్నగారు సైకిల్ మీద "పాత ఇనప సామాన్లు కొంటాం" అని అరుస్తూ తిరిగారు. నేను ఆటోకు మైకు కట్టించాను. ఇక్కడ మమ్మల్ని దొంగల్లాగా మాట్లాడతారేమోనని ఇంతకాలం చదువుతూ ఊరుకున్నాను. ఈరోజు రాస్తున్నాను.

ఒక పాత టీవీ నా కాటా మీదకు వస్తే అందులో నాకు డబ్బు తెచ్చేవి మూడు: మెడ మీది రాగి చుట్ట, తెర చుట్టూ తిరిగే రాగి తీగ, బోర్డు. ప్లాస్టిక్ డొప్ప రంగును బట్టి పోతుంది, కొన్నిసార్లు పోదు. టీవీ బరువులో సగానికి మించి గాజే. ఆ గాజును కొనే మనిషి నాకు పాలకొల్లులో లేడు, భీమవరంలో లేడు, రాజమండ్రిలో లేడు. ఒకప్పుడు కొత్త పిక్చర్ ట్యూబులు చేసే ఫ్యాక్టరీలు పాత గాజు కొనేవి. తెరలు పలకలైపోయాక ఆ ఫ్యాక్టరీలే మూతపడ్డాయి. నా కొట్టు అద్దె గజాల లెక్కన కడుతున్నాను. పది టీవీల గాజు నాలుగు రోజులు ఉంటే ఆ చోటుకు ఇనుము రాదు.

బోర్డులు నేను కాల్చను, ఆసిడ్‌లో వేయను. నాలుగు నెలలకు ఒకసారి బయటి ఊరి వ్యాపారి లారీ వస్తుంది. తల్లి బోర్డు ఒక రేటు, టీవీ బోర్డు ఒక రేటు, ఫోన్ బోర్డు ఒక రేటు. అక్కడ నుంచి ఎక్కడికి వెళ్తాయో అడగను. బోర్డులను అనధికారంగా విప్పి లోహం తీసే ఢిల్లీ సీలంపూర్, మొరాదాబాద్ పేర్లు వింటుంటాను.

తీగ సంగతి కూడా నిజాయితీగా చెబుతాను. లావు తీగ అయితే బ్లేడుతో ఒలుస్తాం. వెంట్రుక లాంటి తీగను ఒలవాలంటే కేజీకి ఒక పూట కూలి పోతుంది. తొడుగుతో అమ్మితే రాగి ధరలో సగం కూడా రాదు. కాల్చేవాడు రాక్షసుడై కాల్చడం లేదు, లెక్క చూసుకుని కాలుస్తున్నాడు.

గట్టు మీద ఇల్లు | మే 10, మధ్యాహ్నం 3.10

లెక్క చూసుకునే కాలుస్తున్నారని మాకూ తెలుసు. ఆ లెక్కలో మా అబ్బాయి ఇన్‌హేలర్ ఖర్చు ఎక్కడుందో చెప్పండి.

తుక్కు కొట్టు | మే 10, సాయంత్రం 6.45

మీ మాటకు నా దగ్గర జవాబు లేదు అక్కగారూ. మీ గట్టు మీద కాల్చేవారిలో నాకు సరుకు తెచ్చేవాళ్ళు ఉన్నారేమో కనుక్కుంటాను. నల్లబారిన రాగి కొననని చెప్పగలను. నేను కొనకపోతే పక్క కొట్టు కొంటుంది, అది కూడా చెప్పాలి కదా.

రసాయనశాల | మే 10, రాత్రి 8.20

కాకినాడలో రసాయనశాస్త్రం బోధిస్తాను. ఈ చర్చలో గాజు, పొగ రెండింటినీ ఒకే త్రాసులో వేస్తున్నారు. వాటి స్వభావం వేరు.

పిక్చర్ ట్యూబు ముందరి పలకలో ఎక్కువగా బేరియం, స్ట్రాన్షియం ఉంటాయి. వెనకనున్న గరాటులాంటి భాగంలో, మెడలో ఎక్స్-కిరణాలు బయటికి రాకుండా సీసం కలుపుతారు. గరాటు గాజులో దాదాపు అయిదో వంతు సీసపు ఆక్సైడే. మొత్తం మీద ఒక పెద్ద టీవీలో కిలోకు పైగా సీసం ఉంటుంది. అయితే అది గాజులో బంధించబడి ఉంటుంది. పగలని ట్యూబు కాలువలో పడితే ఆ పూటకా పూట నీరు విషమైపోదు. పగిలి, పొడిగా నలిగి, చెత్త కుళ్ళి పుల్లబడిన నీటిలో ఏళ్ళ తరబడి నానితే సీసం బయటికి వస్తుంది. తాగే నీటిలో భారతీయ ప్రమాణం లీటరుకు 0.01 మిల్లీగ్రాము మాత్రమే. కాబట్టి భయపడాల్సిన పని లేదని కాదు, తీయడానికి సమయం ఉందని నా మాట. తెర లోపలి తెల్లని పొడిని మాత్రం చేత్తో తుడవకండి, చీపురుతో ఊడ్చి గాలిలోకి లేపకండి. తడిగుడ్డతో అద్ది గుడ్డతో సహా సంచిలో కట్టండి.

పొగ అలా కాదు. తీగ తొడుగు పీవీసీ అనే ప్లాస్టిక్. అందులో క్లోరిన్ ఉంటుంది. తక్కువ వేడి మీద మగ్గుతూ కాలినప్పుడు డయాక్సిన్లు అనే విష పదార్థాలు పుడతాయి, ఆ చర్యను వేగిరపరిచేది పక్కనే ఉన్న రాగి. అంటే రాగి కోసం కాల్చే మంట డయాక్సిన్లకు సరిగ్గా సరిపోయిన కుంపటి. అవి గడ్డి మీద దిగి, గేదె కొవ్వులో చేరి, పాలలోకి వస్తాయి. గట్టు మీద గేదెలు మేస్తాయని ఆవిడ రాసిన వాక్యాన్ని దయచేసి ఇంకోసారి చదవండి.

ఎవరూ ఎత్తని వస్తువు ఇంకొకటి ఫ్రిజ్. పెరట్లో కంప్రెసర్ విప్పేటప్పుడు కటింగ్ ప్లేయరుతో సన్నటి రాగి గొట్టాన్ని నొక్కి తెంపుతారు. కొన్ని క్షణాల పాటు బుస్సుమని శబ్దం, నూనె వాసన, అంతే. ఆ బుస్సులో పోయింది ఫ్రిజ్‌ను చల్లబరిచే ఆర్-134ఏ అనే వాయువు అయితే, దాని ఒక్కో కిలో నూరేళ్ళ లెక్కలో సుమారు 1,430 కిలోల కార్బన్ డయాక్సైడుతో సమానం. ఇంటి ఫ్రిజ్‌లో ఉండేది వంద గ్రాములకు అటూ ఇటూనే. కానీ ఎన్ని ఫ్రిజ్‌లు?

పాత రేడియో | మే 11, ఉదయం 6.30

అమలాపురంలో నలభై ఏళ్ళుగా మరమ్మతు బల్ల ముందు కూర్చున్నవాణ్ణి. వాల్వు రేడియోతో మొదలుపెట్టి ఫోన్ల దాకా వచ్చాను. మీరంతా వస్తువు చచ్చిపోయాక శవం ఎవరు మోయాలన్న దాని మీద వాదిస్తున్నారు. చావకముందు నా బల్ల మీదకు వస్తుంది కదా, అక్కడి మాట ఎవరూ అడగలేదు.

నలుపు-తెలుపు టీవీకి వెనక డొప్ప మీద నాలుగు మరలు ఉండేవి. లోపల ఒక సర్క్యూటు బొమ్మ అతికించి ఉండేది. కెపాసిటరు ఉబ్బితే మార్చేవాణ్ణి, ఇంకో ఆరేళ్ళు నడిచేది. ఇప్పుడు వచ్చే ఫోన్‌కు మరలు లేవు, జిగురు ఉంది. బ్యాటరీ మార్చాలంటే వేడిగాలితో తెర ఊడదీయాలి. నాలుగింట్లో ఒక తెర పగులుతుంది, పగిలిన తెర ఖరీదు నా జేబులోంచి పోతుంది. ఎల్ఈడీ టీవీలో ఒక దీపం పోతే బద్దీ మొత్తం మార్చాలి. ఆ బద్దీ దొరకదు. ఆ టీవీ నాలుగేళ్ళకే తుక్కు కొట్టు గారి కాటా ఎక్కుతుంది.

2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది, తరువాత ఒక పోర్టల్ తెరిచింది. కంపెనీల సర్వీసు కేంద్రాల వివరాలు అందులో ఉంటాయి. నాలాంటి వాడికి విడిభాగం అమ్మాలని కంపెనీని కట్టడి చేసే చట్టం మాత్రం రాలేదు. న్యాయవాది గారు చెప్పిన 2022 నియమాలు సూక్ష్మ పరిశ్రమకు వర్తించవట. మా అబ్బాయి చదివి చెప్పాడు. నా బల్ల సూక్ష్మం కంటే సూక్ష్మం. నాకు భారం లేదు, మంచిదే. కానీ గుర్తింపూ లేదు. నేను బతికించిన పరికరం ఒక్కటీ ఎవరి లెక్కలోకీ రాదు. దాన్ని ముక్కలు చేసినవాడికి మాత్రం సర్టిఫికెట్ వస్తుంది.

ఒక తప్పు ఒప్పుకుంటాను. నేను ఇప్పటికీ అరవై-నలభై సోల్డరే వాడుతున్నాను, అంటే నలభై పాళ్ళు సీసం. సీసం లేనిది ఎక్కువ వేడి అడుగుతుంది, నా చేతికి అలవాటు కాలేదు. ఫ్యాను పెట్టుకోమని మా ఇంటావిడ పదేళ్ళుగా అంటోంది.

రొయ్యల చెరువు | మే 11, ఉదయం 9.00

పాత రేడియో గారి మాటకు నా ఓటు. మా చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరియేటర్ మోటార్లు కాలిపోతూనే ఉంటాయి. ఉప్పు గాలి, ఓల్టేజి హెచ్చుతగ్గులు. ఎవరూ మోటారు పారేయరు, వైండింగ్ షాపుకు ఇస్తారు. భీమవరంలో ఆ షాపులు లేకపోతే ఆక్వా లేదు. అయితే పాత చుట్ట ఊడిరావడానికి వాళ్ళూ స్టేటరును, అంటే మోటారులో చుట్ట ఉండే కదలని భాగాన్ని, మంటలో పెట్టి వార్నిష్ కాలుస్తారు. మరమ్మతు అంటే అంతా పచ్చగా ఉంటుందని అనుకోవద్దు.

నేను చెప్పదలచుకున్నది ఇన్వర్టర్ బ్యాటరీ గురించి. మా ప్రాంతంలో పాత బ్యాటరీ కాలువలో పడేసినవాణ్ణి చూశారా? చూడరు. కొత్తది కొనేటప్పుడు పాతది ఇస్తే దుకాణదారు బిల్లులో తగ్గిస్తాడు. ఇవ్వకపోతే ఆ సొమ్ము మనం పోగొట్టుకున్నట్టే. ఏ అధికారీ తనిఖీకి రానక్కరలేదు, పాత బ్యాటరీ దానంతట అదే దుకాణానికి నడిచి వెళ్తుంది. టీవీకి, ఫ్రిజ్‌కు, చివరకు ట్యూబులైటుకు కూడా అమ్మేటప్పుడే కొంత సొమ్ము డిపాజిట్టుగా పట్టుకుని, తిరిగి ఇచ్చినప్పుడు వాపసు చేస్తే సరిపోదా? ఇంత పోర్టల్, ఇన్ని శాతాలు ఎందుకు?

డెల్టా న్యాయవాది | మే 11, మధ్యాహ్నం 1.15

డిపాజిట్టు ఆలోచన కొత్తది కాదు. 2016 నియమాల్లో అది ఉంది, ఉత్పత్తిదారు ఇష్టమైతే పెట్టవచ్చని. ఇష్టమైతే అన్న చోటే ఆగిపోయింది. బ్యాటరీకి డిపాజిట్టు పనిచేస్తున్నది చట్టం వల్ల కాదు. సీసానికి మార్కెట్లో ధర ఉంది, బ్యాటరీలో సీసం తేలికగా బయటికి వస్తుంది. పిక్చర్ ట్యూబులోనూ సీసమే ఉంది, కాని గాజులోంచి దాన్ని లాగే ఖర్చు దాని ధరను మించుతుంది.

ఇక్కడే వైనతేయ తీరం గారి వరండాకు తిరిగి వస్తాను. మొదటి జవాబులో నేను ఒక ముఖ్యమైన విషయం వదిలేశాను. రీసైక్లరుకు సర్టిఫికెట్ దేని మీద వస్తుంది? బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము, ఈ నాలుగు లోహాలు ఎంత తీశాడన్న లెక్క మీద. గాజుకు సర్టిఫికెట్ లేదు, తొడుగు ప్లాస్టిక్‌కు లేదు, ఫ్రిజ్ వాయువుకు లేదు. మీ ఊరి వ్యాపారి "గాజు మాకెందుకండీ" అన్నది అజ్ఞానం అనుకున్నాం. నియమాల లెక్కా అదే మాట అంటోంది.

సర్టిఫికెట్ ధర మరీ పడిపోతే రీసైక్లర్లు కాగితాల మీదే పని చేస్తారన్న భయంతో 2024లో ధరకు హద్దులు పెట్టారు. లక్ష్యం చేరని ఉత్పత్తిదారు కట్టవలసిన పరిహారంలో 30 శాతానికి తగ్గకూడదు, 100 శాతానికి మించకూడదు. గృహోపకరణాల వ్యర్థానికి కిలోకు 22 రూపాయల కనీస ధర వచ్చింది. కొన్ని పెద్ద కంపెనీలు దాని మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళాయి. నా అభిప్రాయంలో కనీస ధర ఉండాలి. కాని ఆ 22 రూపాయల్లో ఒక్క రూపాయి అయినా పాలకొల్లు కొట్టు దాకా, అక్కడ నుంచి మైకు ఆటో దాకా దిగే దారి నియమాల్లో లేదు. సేకరణ కేంద్రానికి విడిగా ఉన్న విధిని 2022లో తీసేసినప్పుడు ఆ దారి కూడా పోయింది. కార్మికులను గుర్తించి నమోదు చేయడం, నైపుణ్యం నేర్పడం, రీసైక్లింగుకు పారిశ్రామిక స్థలం కేటాయించడం రాష్ట్ర ప్రభుత్వం పని అని మాత్రం రాశారు.

లంకవాసి | మే 11, రాత్రి 9.30

ఒక్క అనుభవం చెప్పి వెళ్తాను. 2022 జూలై వరదకు మా లంక మొత్తం మునిగింది. నీళ్ళు తీశాక ఇళ్ళల్లో మోకాలి లోతు ఒండ్రు. ప్రతి ఇంటి ముందూ ఫ్రిజ్, మిక్సీ, టీవీ, స్టెబిలైజరు, సెట్ టాప్ పెట్టె. అన్నిటి నిండా బురద. మంచం కడిగి వాడుకున్నాం, బియ్యం పారబోశాం, వీటిని ఏం చేయాలో తెలియలేదు. వారం రోజులకు పడవ వేసుకుని తుక్కు కొనేవాళ్ళు వచ్చారు. మా పెద్దమ్మ ఫ్రిజ్‌కు స్టీలు బిందె ఒకటి ఇచ్చారు. కంప్రెసర్లు, మోటార్లు అక్కడే రేవులో విప్పుకుని పడవ బరువు తగ్గించుకున్నారు. మిగతా డొప్పలు ఆ ఏడాది రెండోసారి నీళ్ళొచ్చినప్పుడు అంతర్వేది వైపు తేలిపోయాయి.

వరద సాయం జాబితాలో బియ్యం, కందిపప్పు, నగదు ఉన్నాయి. చెత్త లారీ లేదు. పది రోజుల్లో ఒక పంటు పంపి పాత పరికరాలు మోసుకెళ్తే ఎంత బాగుండేదో! పర్యావరణ విధానం అంటే నాకు అర్థమయ్యేది అంతే.

రసాయనశాల | మే 12, ఉదయం 7.40

లంకవాసి గారు చెప్పింది విధాన పత్రాల్లో రాయదగిన మాట. ఐక్యరాజ్య సమితి సంస్థల నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో పుట్టిన ఈ-వ్యర్థం 6.2 కోట్ల టన్నులు, అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క దొరికింది 22.3 శాతమే. మిగిలిన దానిలో మన రేవులో విప్పినవీ ఉన్నాయి.

సాంకేతికత లేదని మాత్రం ఎవరూ అనవద్దు. హైదరాబాదులోని సీ-మెట్ కేంద్ర ప్రభుత్వ సంస్థే. సర్క్యూటు బోర్డుల నుంచి లోహాలు తీసే పద్ధతులు అభివృద్ధి చేసింది. టన్ను ఫోన్ బోర్డుల్లో ఉండే బంగారం టన్ను గని రాయిలో ఉండే దానికి ఎన్నో రెట్లు. 2025 సెప్టెంబరులో కీలక ఖనిజాల రీసైక్లింగుకు 1,500 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకాన్ని కేంద్రం ఆమోదించింది. డబ్బు ఉంది, యంత్రం ఉంది. కాటా దగ్గర నుంచి యంత్రం దాకా మధ్యలో ఉన్న రోడ్డు మాత్రం సీలంపూర్ మీదుగా పోతోంది.

గట్టు మీద ఇల్లు | మే 12, ఉదయం 10.20

నాకొక సందేహం. తుక్కు కొట్లను సేకరణ కేంద్రాలుగా గుర్తించాలన్న వైపు ఈ చర్చ వెళ్తున్నట్టు ఉంది. గుర్తింపు బోర్డు ముందు తగిలించి వెనక పెరట్లో కాలిస్తే ఏం చేస్తాం? చెరువుల అనుమతుల విషయంలో కాగితం ఒకటి, తవ్వకం ఒకటి చూశాం కదా. నా మాట కటువుగా ఉంటే మన్నించండి. గుర్తింపు కన్నా ముందు, కాల్చిన రాగి కొన్న కొట్టుకు జరిమానా రావాలి. కాల్చేవాడు కూలివాడు, వాడి దగ్గర ఏం వసూలు చేస్తారు?

పాత రేడియో | మే 12, ఉదయం 11.00

ఆవిడ అన్నది ఒప్పు. నల్ల రాగి కళ్ళకు కనపడుతుంది, పరీక్ష అక్కరలేదు. కొనేవాడి దగ్గర పట్టుకుంటే మంట ఆరిపోతుంది. తుక్కు కొట్టు బాబూ, నీ ఒక్కడి మీదా పెట్టే భారం కాదు ఇది. పాలకొల్లు కొట్లన్నీ ఒక మాట మీద ఉంటేనే నీకు నష్టం ఉండదు.

తుక్కు కొట్టు | మే 14, రాత్రి 8.50

రెండు రోజులు రాయలేదు, ఫోన్ల మీద ఉన్నాను. న్యాయవాది గారు ఇచ్చిన వివరాలతో పోర్టల్‌లో ఉన్న ఒక రీసైక్లరుతో మాట్లాడాను. గాజు విడిగా తీసుకోరు. బోర్డులతో కలిపి తెస్తే తీసుకుంటామన్నారు. బోర్డుల్లో మిగిలే దానిలోంచి గాజు ఖర్చు భరిస్తారట. అంటే మనం చేస్తున్న తప్పేమిటంటే వెన్న తీసేసి మజ్జిగ పారబోస్తున్నాం. టీవీని టీవీగానే, మెడ విరవకుండా, డొప్పతో సహా పంపితే లెక్క కుదురుతుంది.

నా కొట్టులో నాలుగు నెలల బోర్డులు పోగుపడి ఉన్నాయి. ఈసారి ఆ లారీకి ఇవ్వకుండా వీళ్ళకు ఇస్తాను, ధర కొంచెం తక్కువే అయినా. వైనతేయ తీరం గారి పదహారు ట్యూబులూ దాంట్లో కలుపుతాను. పాలకొల్లు దాకా చేర్చే పని మీది. పక్క కొట్టాయనతో నల్ల రాగి మాట ఎత్తాను. నవ్వాడు. మళ్ళీ ఎత్తుతాను.

వైనతేయ తీరం | మే 19, రాత్రి 9.15

అందరికీ ధన్యవాదాలు. ట్యూబులను యూరియా సంచుల్లో ఎండుగడ్డి పొదిగి కట్టాం. పాత రోజుల్లో గుడ్లు, మామిడిపళ్ళు సర్దినట్టు. మెడలు విరిగిన చోట తడిగుడ్డ కుక్కి తాడు బిగించాం. రసాయనశాల గారు చెప్పిన తెల్లపొడి మూడింట్లో రాలి ఉంది. ఆ గుడ్డలు వేరే సంచిలో వేశాం. నిన్న ట్రాక్టరు మీద పాలకొల్లు చేరాయి. ట్యూబులైట్లు మాత్రం తీసుకోలేదు, పెట్టె ఇంకా గదిలోనే ఉంది.

పంచాయతీకి లేఖ ఇచ్చాం. కార్యదర్శి గారు నియమాలు చదివి, చెత్త నుంచి సంపద తయారీ కేంద్రం షెడ్డులో ఒక అర ఈ-వ్యర్థాలకు ఇస్తానన్నారు. తాళం ఎవరి దగ్గర ఉండాలన్న దాని మీద ఇంకా తేలలేదు.

లాకుల దిగువనున్న మూడు ట్యూబులు, ఫ్రిజ్ తలుపు ఇంకా బురదలోనే ఉన్నాయి. జూన్ మొదటి వారంలో కాలువ వదులుతారని అంటున్నారు. ఆదివారం ఉదయం ఆరు గంటలకు దిగుతున్నాం. వచ్చేవారు మందపాటి చేతి తొడుగులు, రెండు గునపాలు తెచ్చుకోండి. సంచులు, గడ్డి మా దగ్గర ఉన్నాయి.